ఎదురెదురు లారీలు

పిల్లలూ,

ఈ నెల మనం దుంగల లారీ ఎక్కుదాం. ఆ లారీలో కూచుని చెయ్యవలసిన లెక్క ఒకటుంది. చూడటానికి అది చాలా సులువు. కాని ఆ లెక్కలో నేనే ఒకసారి తప్పాను. లెక్కల మేస్టారు తప్పటమేమిటని నవ్వకండి. ఎలా తప్పానో, నన్ను ఎవరు దిద్దారో దాచకుండా చెబుతాను.

ముందు మీ ఇంటి తలుపు చూడండి. అది చెక్క తలుపైతే, ఒకప్పుడు ఎక్కడో చెట్టుగా నిలబడి ఉండేది. మీరు చదువుతున్న ఈ పుస్తకంలోని కాగితం కూడా చెట్టునుంచో వెదురునుంచో వచ్చిందే. చెట్టు ఒకచోట పెరుగుతుంది. దాన్ని కోసే మిల్లు మరొకచోట ఉంటుంది. మధ్యనున్న దారంతా ఎవరో మొయ్యాలి గదా! కలప బరువైన సరుకు. మిఠాయి పొట్లంలాగా చేతిసంచీలో పడేసి తెచ్చేది కాదు. అంచేత కలప ధరలో మోత కూలి చాలా భాగమే ఉంటుంది.

పూర్వం ఈ మోత పని నదులు చేసేవి. భద్రాచలం వైపు అడవుల్లో నరికిన కలపనూ, వెదురునూ తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలేవారు. తెప్పవాళ్ళు గడలు పట్టుకుని, పాపికొండల మధ్యనుంచి రాజమహేంద్రవరం దాకా వాటిని నడుపుకుంటూ వచ్చేవారు. చలిదేశాల్లోనూ ఇదే పద్ధతి. స్వీడన్ దేశంలో క్లారెల్వెన్ అనే నదిమీద 1991 దాకా దుంగలు తేలుతూ ప్రయాణం చేశాయి.

నదికి ఒక సుగుణం ఉంది. అది మనల్ని ఏమీ అడగదు. నీళ్ళు పల్లానికి పోతాయి, నీళ్ళతో పాటు దుంగలూ పోతాయి. ఎటు పంపాలా అని ఆలోచించే పని లేదు. లారీ అలా కాదు. తూర్పుకు పొమ్మంటే తూర్పుకు పోతుంది, పడమరకు పొమ్మంటే పడమరకు పోతుంది. ఎటు పంపాలో మనమే చెప్పాలి. లారీ వచ్చినప్పుడే దాని వెనకాల లెక్క కూడా వచ్చింది.

ఇక నా తప్పు సంగతి. అది 1987. అప్పటికి నేను హెడ్మాస్టరును కాను. ఏజెన్సీ అంచున ఉన్న ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మా బడి ముందున్న రోడ్డుమీద రోజూ కలప లారీలు పోతూ ఉండేవి. వాటిని చూసి ఒకనాడు తొమ్మిదో తరగతి పిల్లలకు సొంతంగా ఒక లెక్క కల్పించి ఇచ్చాను. ఇదీ ఆ లెక్క:

ఒక తిన్నని రోడ్డు ఉంది. దానిమీద వరసగా నాలుగు చోట్లున్నాయి. మొదట వాగు డిపో. అక్కణ్ణించి 30 కిలోమీటర్లు పోతే రావిచెట్టు మిల్లు. ఇంకో 20 కిలోమీటర్లు పోతే కొండ డిపో. ఇంకో 30 కిలోమీటర్లు పోతే రేవు మిల్లు. ఒక్కొక్క డిపోలో 10 లారీల కలప ఉంది. అంతా ఒకే రకం కలప. ఒక్కొక్క మిల్లుకు 10 లారీల కలప కావాలి. ఏ డిపో కలపను ఏ మిల్లుకు పంపితే దారి తగ్గుతుంది?

మీరూ ఒక కాగితం తీసుకుని అడ్డంగా గీత గీసి, దానిమీద నాలుగు చుక్కలు పెట్టుకోండి. ఎడమనుంచి కుడికి వాగు, రావి, కొండ, రేవు. మధ్య దూరాలు 30, 20, 30. గీశారా? ఇప్పుడు వినండి.

నేను ముందుగానే జవాబు రాసి పెట్టుకున్నాను. అన్నిటికన్నా దగ్గరగా ఉన్నవి ఏవి? కొండ డిపో, రావిచెట్టు మిల్లు. మధ్య దూరం 20 కిలోమీటర్లే. అంచేత కొండ డిపో కలపంతా రావిచెట్టు మిల్లుకు పంపాలి. మిగిలినదేమో వాగు డిపో, మిగిలిన మిల్లేమో రేవు మిల్లు. కాబట్టి అది ఇటు పోవాలి. దగ్గరది ముందు చూసుకో, తరవాతది తరవాత చూసుకో. ఇంతకన్నా తెలివైన పద్ధతి ఏముంటుంది అనుకున్నాను.

క్లాసులో చాలామంది అలాగే చేశారు. వెనక బెంచీలో కూచునే ఒక పిల్లవాడు మాత్రం కొండ డిపో కలపను 30 కిలోమీటర్ల దూరాన ఉన్న రేవు మిల్లుకు పంపాడు. నేను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి సున్నా వేశాను. పైగా అందరి ముందూ, “ఏమిరా, 20 కిలోమీటర్లలో మిల్లు పెట్టుకుని 30 కిలోమీటర్లు పోతావా? డీజిలు మీ ఇంట్లో ఊరుతోందా?” అని ఎగతాళి చేశాను. పిల్లలంతా గొల్లున నవ్వారు.

ఆ అబ్బాయి తండ్రి లారీ డ్రైవరు. వాడు కాసేపు తల వంచుకుని నిలబడి, మెల్లిగా, “మేస్టారండీ, మీరు చెప్పినట్టు పంపితే రావిచెట్టుకూ కొండకూ మధ్య మన లారీలు ఎదురెదురు పడతాయండీ. ఇదీ కలపే, అదీ కలపే. రెండూ నిండు లోడే. మా నాన్న చూస్తే నవ్వుతాడండీ,” అన్నాడు.

నేను, “సరే, కూచో,” అన్నాను. కాని ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. రాత్రి అన్నం తిన్నాక కాగితం తీసి లెక్క వేశాను.

నా పద్ధతిలో కొండ డిపోనుంచి రావిచెట్టుకు 10 లోడ్లు, ఒక్కొక్కటి 20 కిలోమీటర్లు: 200. వాగు డిపోనుంచి రేవు మిల్లుకు 10 లోడ్లు, ఒక్కొక్కటి 80 కిలోమీటర్లు: 800. మొత్తం 1,000 కిలోమీటర్లు.

పిల్లవాడి పద్ధతిలో వాగు డిపోనుంచి రావిచెట్టుకు 10 లోడ్లు, ఒక్కొక్కటి 30 కిలోమీటర్లు: 300. కొండ డిపోనుంచి రేవుకు 10 లోడ్లు, ఒక్కొక్కటి 30 కిలోమీటర్లు: 300. మొత్తం 600 కిలోమీటర్లు.

నాలుగు వందల కిలోమీటర్ల తేడా! లారీలు ఖాళీగా తిరిగి రావాలి గనక అది 800 కిలోమీటర్లవుతుంది. లీటరు డీజిలుకు లారీ 4 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే 200 లీటర్ల డీజిలు. నేను 10 కిలోమీటర్లు కలిసొచ్చాయని సంబరపడి, అవతల 50 కిలోమీటర్లు పోగొట్టుకున్నాను. దగ్గర మిల్లును కొండ డిపోకు కట్టబెట్టేటప్పుడు, “మరి వాగు డిపో గతి ఏమిటి?” అని అడగలేదు. అదీ నా తప్పు.

మర్నాడు క్లాసులో ఆ అబ్బాయిని నల్లబల్ల దగ్గరికి పిలిచి, లెక్క వాడి చేతనే చేయించాను. సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. “నిన్న నేను అన్నమాట తప్పు,” అని అందరి ముందూ చెప్పాను. ఎగతాళి నలుగురిలో చేసినవాడు దిద్దుబాటు చాటున చెయ్యకూడదు గదా! నాకు సిగ్గయిన మాట నిజమే. కాని ఆ రోజునుంచీ నా క్లాసులో పిల్లలు తమకు తోచిన జవాబు చెప్పటానికి భయపడలేదు.

ఇప్పుడు ఆ అబ్బాయి కనిపెట్టిన సంగతిని ఒక సూత్రంగా చేసుకుందాం. మన ఏర్పాటు మంచిదో కాదో తెలుసుకోవాలంటే, ఒక్క లోడును మార్చి చూడాలి. కొండ డిపో లోడు ఒకటి రావిచెట్టుకు బదులు రేవుకు పోయిందనుకోండి. 20కి బదులు 30, అంటే 10 కిలోమీటర్లు పెరిగాయి. అప్పుడు రావిచెట్టు మిల్లులో ఒక లోడుకు చోటు ఖాళీ అవుతుంది. వాగు డిపో లోడు ఒకటి అక్కడికి పోతుంది. 80కి బదులు 30, అంటే 50 తగ్గాయి. పెరిగింది 10, తగ్గింది 50. మొత్తం మీద 40 లాభం. లాభం ఉన్నంతకాలం మారుస్తూ పోవాలి. ఎలా మార్చినా లాభం రానినాడు ఆగాలి. డిపోలూ, మిల్లులూ ఎక్కువగా ఉంటే ఒక లోడు కదిపినందుకు మూడు నాలుగు చోట్ల సర్దవలసి వస్తుంది. అయినా పద్ధతి ఇదే.

“ఇన్ని తంటాలెందుకు? అన్ని ఏర్పాట్లూ వేసి చూసి, తక్కువది తీసుకుంటే పోలేదా?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. రెండు డిపోలకు రెండు మిల్లులను జతచెయ్యటానికి 2 విధాలే ఉన్నాయి. మూడింటికి మూడైతే 6 విధాలు. పదింటికి పదైతే ఎన్నో తెలుసా? 36,28,800! నిమిషానికి ఒకటి చొప్పున నిద్రాహారాలు మాని వేసినా ఆరేళ్ళు దాటుతుంది. అప్పటికి దుంగలు చెదలు తినిపోతాయి.

ఈ చిక్కు పెద్ద పెద్దవాళ్ళకూ ఎదురైంది. 1938లో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరంలో ప్లైవుడ్ తయారుచేసే సంస్థవారు లియొనీద్ కాంతరోవిచ్ అనే గణితశాస్త్రజ్ఞుణ్ణి సలహా అడిగారు. అప్పటికి ఆయన వయస్సు 26 ఏళ్ళు. దుంగలను పొరలు పొరలుగా ఒలిచే యంత్రాలు వాళ్ళకు 8 ఉన్నాయి. కలప 5 రకాలు. ఏ యంత్రం మీద ఏ కలప ఎంతసేపు ఒలిస్తే ఎక్కువ పని జరుగుతుంది? ఇదీ ప్రశ్న. అన్ని విధాలూ వేసి చూడటం అసాధ్యమని ఆయన గ్రహించి, ఇటువంటి లెక్కలకు ఒక కొత్త పద్ధతి కనిపెట్టి 1939లో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. తరవాత 1947లో అమెరికాలో జార్జి డాంట్జిగ్ అనే ఆయన మరొక పద్ధతి కనిపెట్టాడు. ఒక ఏర్పాటునుంచి అంతకన్నా మంచి ఏర్పాటుకు మెట్టు మెట్టుగా నడిచి, ఇక మంచిది లేనప్పుడు ఆగటమే ఆ పద్ధతి. మన “ఒక్క లోడు మార్చి చూడు” సూత్రానికి అది పెద్దన్న అన్నమాట. కాంతరోవిచ్‌కు 1975లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. ఒలిచే దుంగల దగ్గర మొదలైన ఆలోచన అంతదూరం వెళ్ళింది!

నిజమైన అడవిలో లెక్క మన లెక్కకన్నా గట్టిగా ఉంటుంది. ఎందుకో చెబుతాను.

మొదటిది: అన్ని కలపలూ అన్ని మిల్లులకూ పనికిరావు. టేకు దుంగ కోత మిల్లుకు పోతుంది. జామాయిల్, సుబాబుల్, సరుగుడు కాగితపు మిల్లుకు పోతాయి. అంచేత దారిలో ఎదురుపడిన ప్రతి రెండు కలప లారీలూ తప్పుదారిన పోతున్నాయని అనుకోకండి. ఒకదానిలో ఏముందో, రెండోదానిలో ఏముందో చూడాలి.

రెండవది: నీళ్ళ బరువు. అప్పుడే నరికిన చెట్టు బరువులో సగందాకా నీళ్ళే ఉండవచ్చు. వెంటనే లారీకెత్తితే కలపతో పాటు నీళ్ళనూ మోసినట్టే. కొన్నాళ్ళు ఆరనిస్తే బరువు తగ్గుతుంది. మరీ ఆలస్యమైతే దుంగ పగులుతుంది, పురుగు పడుతుంది, బూజు పడుతుంది. ప్లైవుడ్‌కు ఒలిచే దుంగయితే పచ్చిగా ఉండగానే చేరాలి. ఎప్పుడు పంపాలన్నది కూడా లెక్కే.

మూడవది: వాన. అడవి దారులు మట్టి దారులు. తొలకరి పడితే చక్రాలు దిగబడతాయి. అంచేత వానలకు ముందే దుంగలను పక్కా రోడ్డు దాకా తెచ్చి పేర్చుకోవాలి. మీ అమ్మ ఎండలుండగానే వడియాలు పెట్టుకోవటం లేదూ? అలాగే.

నాలుగవది: ఎదురుచూపు. దూరం తగ్గించినంత మాత్రాన పని అయిపోదు. లారీలన్నీ తెల్లవారుతూనే బయలుదేరి ఒకేసారి మిల్లు చేరితే, కాటా దగ్గర బారు కడతాయి. ముందున్న లారీ దిగేదాకా వెనకవాళ్ళు ఎండలో కూచోవాలి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో సరిగ్గా ఇదే జరిగేది. అక్కడ పైన్ చెట్ల తోటలు విస్తారంగా ఉన్నాయి. డ్రైవర్లు ఎత్తే చోటా, దించే చోటా గంటలకొద్దీ పడిగాపులు పడేవారు. అప్పుడు చిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంద్రెస్ వైన్‌ట్రాబ్ అనే ఆచార్యుడూ, ఆయన సహచరులూ కలిసి కంప్యూటరు మీద “ఆసికామ్” అనే ఏర్పాటు తయారుచేశారు. రేపు ఏ లారీ ఏ వేళకు ఏ అడవికి పోవాలో, ఏ వేళకు ఏ మిల్లు చేరాలో ముందురోజే అది జాబితా వేసి ఇస్తుంది. మన బడి టైంటేబిలు లాగా! ఒకే గంటకు ఇద్దరు మేస్టర్లు ఒకే క్లాసులో అడుగుపెట్టకుండా టైంటేబిలు చూస్తుంది గదా, ఇదీ అంతే. దానితో బారులు తగ్గాయి. తక్కువ లారీలతో అదే కలప చేరింది. చిలీ అడవుల్లో చేసిన ఇటువంటి పనులకు 1998లో ఎడెల్‌మన్ బహుమానం వచ్చింది.

లారీ నిలబడితే నష్టం యజమానికే కాదు, పిల్లలూ. డ్రైవరు ఇంటికి చేరటం ఆలస్యమవుతుంది. ఆలస్యమైందని వేగంగా నడుపుతాడు. రాత్రి నిద్ర చాలక కునుకు తీస్తాడు. మంచి టైంటేబిలు ఒక మనిషి ప్రాణాన్ని కాపాడవచ్చు.

ఇక చివరి సంగతి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆనాడు నల్లబల్ల మీద లెక్క చేశాక, ఆ అబ్బాయి సుద్దముక్క కింద పెట్టకుండా ఇంకో ప్రశ్న వేశాడు. “మేస్టారండీ, కొండ డిపో వాళ్ళు ఒకరు, వాగు డిపో వాళ్ళు ఇంకొకరు అయితేనో? కొండ డిపో లారీ 10 కిలోమీటర్లు ఎక్కువ తిరగాలి గదండీ. ఆ డబ్బులు ఎవరిస్తారండీ?”

చూశారా! లెక్క సరే. మరి న్యాయం? కొండ డిపో ఆసామి, “దగ్గర మిల్లు వదిలి నేనెందుకు పోతాను?” అంటే లెక్కంతా అక్కడే ఆగిపోతుంది. అప్పుడు క్లాసంతా కలిసి ఆలోచించాం. వాగు డిపోకు పది లోడ్ల మీద 500 కిలోమీటర్లు మిగిలాయి. కొండ డిపోకు 100 కిలోమీటర్లు పెరిగాయి. వాగు డిపో ఆసామి ముందుగా ఆ 100 కిలోమీటర్ల ఖర్చు కొండ డిపోకు ఇచ్చెయ్యాలి. మిగిలిన 400 కిలోమీటర్ల లాభాన్ని ఇద్దరూ చెరి 200 చొప్పున పంచుకోవాలి. అప్పుడు ఇద్దరూ ఇదివరకటికన్నా బాగుంటారు. అలా పంచకపోతే, నష్టపోయినవాడు రెండోసారి ఒప్పుకోడు.

స్వీడన్‌లో కలప కంపెనీలు ఇలాగే ఒకరి కలపను ఒకరు మార్చుకుంటాయి. నీ అడవి నా మిల్లుకు దగ్గరగా ఉంటే నీ కలప నాకివ్వు, నా కలప అవతల నీ మిల్లుకు ఇస్తానని ఒప్పందం చేసుకుంటాయి. మిగిలిన ఖర్చును న్యాయంగా పంచుకోవటం ఎలా అనే దానిమీద అక్కడి పండితులు పెద్ద వ్యాసాలే రాశారు. ఆ వ్యాసాల్లోని ప్రశ్నా, మా వెనక బెంచీ పిల్లవాడి ప్రశ్నా ఒకటే.

అదే దేశంలో 2005 జనవరిలో “గూద్రున్” అనే గాలివాన వచ్చింది. ఆ ఒక్క తుపాను దెబ్బకు సుమారు 7 కోట్ల 50 లక్షల ఘనమీటర్ల కలపకు సరిపడే చెట్లు కూలిపోయాయి. ఆ దేశమంతటా దాదాపు ఒక ఏడాదిలో నరికేటంత కలప అది! కూలిన చెట్లను అలాగే వదిలేస్తే బెరడులో పురుగు పుట్టి, నిలబడి ఉన్న చెట్లకూ పాకుతుంది. అప్పుడు ఏ కలపను ఏ మిల్లుకు, లారీమీదనా, రైలుమీదనా, ఓడమీదనా అన్న లెక్కలు కంప్యూటర్లతో వేసి పంపారు. వెంటనే కొయ్యలేని దుంగలను కొండల్లా పేర్చి, చెడిపోకుండా నీళ్ళు చల్లుతూ నిలవచేశారు. ఆపద వేళ లెక్క ఎలా అక్కరకొస్తుందో చూడండి.

మళ్ళీ మన రోడ్డు మీదికి వద్దాం. ఇకమీదట కలప లారీ కనిపిస్తే ఊరికే చూసి వదిలెయ్యకండి. ఎక్కడనుంచి వస్తున్నది, ఎక్కడికి పోతున్నది అని అడగండి. చెరకు బండి కనిపించినా, ధాన్యం లారీ కనిపించినా ఇదే ప్రశ్న. తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. పిల్లవాడి జవాబు మీ జవాబులా లేకపోతే వెంటనే సున్నా వెయ్యకండి. ఎలా వచ్చిందో ఒకసారి అడగండి. నేను అడగలేదు, అందుకే చెబుతున్నాను.

ఈ నెల లెక్క: అదే రోడ్డు, అవే దూరాలు. ఒక్కొక్క డిపోలో 10 లోడ్లే ఉన్నాయి. కాని ఈసారి రావిచెట్టు మిల్లుకు 12 లోడ్లు కావాలి, రేవు మిల్లుకు 8 లోడ్లు చాలు. అన్నిటికన్నా తక్కువ దారి ఎంత? ముందు నా పాత తప్పుడు పద్ధతిలో చేసి చూడండి. తరవాత ఒక్కొక్క లోడు మార్చుకుంటూ రండి. నిండు లారీలు ఎదురెదురు పడుతున్నంతసేపూ ఆగకండి. జవాబు వచ్చే నెల.

ఉంటాను.

మీ మేస్టారు